వడగళ్ల వార్తలో ఊరి పేరు రాయండి

సంపాదకులకు నమస్కారం.

వడగళ్ల వాన పడిన మర్నాడు మీ జిల్లా పేజీలో రాలిన మామిడికాయలు, నేలకు ఒరిగిన వరి, తడిసిన ధాన్యం ఫొటోలు వస్తాయి. రావాల్సినవే. వాటి కింద ఇంకో నాలుగు వాక్యాలకు చోటివ్వమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. సదాశివపేటలో ముంబై రహదారి పక్కన కార్ల టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు నడుపుతున్నాను. వడగళ్లు పడితే మాకు గిరాకీ. అయినా కార్లున్నవారికి మీ పత్రిక ద్వారా చెప్పాలనుకునే మొదటి మాట మా వ్యాపారానికి గిట్టనిదే: సొట్టలు పడిన కారును ముందు మా షెడ్డుకు తేకండి. ముందు బీమా కంపెనీకి ఫోన్ చేయండి.

మార్చి మొదలు మే దాకా, ఎండ బాగా కాసిన రోజు సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు కమ్ముతుంది, గాలి లేస్తుంది, రాళ్లు కురుస్తాయి. తెల్లారేసరికి మా షెడ్డు ముందు కార్లు బారులు తీరుతాయి. బానెట్, రూఫ్, డిక్కీ నిండా సొట్టలు. కొన్నింటికి ముందు అద్దం కూడా పగిలి ఉంటుంది. దిగగానే అందరూ అనేది ఒకటే. "ఉస్తాద్, ఎల్లుండి పెళ్లికి పోవాలి, రేపటికల్లా కొట్టి ఇచ్చేయండి." ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పారా అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. "దేవుడు చేసిన నష్టానికి ఇన్సూరెన్స్ ఎవరిస్తారు?" అని నన్నే ఎదురు ప్రశ్నిస్తారు. మన దేశంలో కార్లకు ఇచ్చే ప్యాకేజీ పాలసీ తిరగేసి చూడండి. మీ సొంత కారుకు జరిగే నష్టానికి ఉద్దేశించిన ఓన్ డ్యామేజ్ భాగంలో వరద, తుపాను, భూకంపం, పిడుగు, కొండచరియలు విరిగిపడటం వంటి వాటితో పాటు వడగళ్ల వాన పేరు విడిగా అచ్చయి ఉంటుంది. అందులో ఎవరి దయా లేదు. దానికి కూడా కలిపే ప్రీమియం కట్టించుకున్నారు.

అయితే ఆ భాగం మీ పాలసీలో ఉండాలి. చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమాను మాత్రమే. అది మీ కారు వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి. మీ బానెట్ మీద పడిన రాయికి కాదు. కారు పాతబడింది కదా అని థర్డ్ పార్టీతో సరిపెట్టుకున్నవారికి నేను చెప్పగలిగేది ఏమీ లేదు. నా బాధ మరో రకం వారి గురించి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారు కొన్నప్పుడే మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా కట్టించుకుంటున్నారు. ఓన్ డ్యామేజ్ మాత్రం చాలామందికి మొదటి ఏడాది వరకే ఉంటుంది. డ్యాష్‌బోర్డులోని కాగితం మీద మూడేళ్ల తర్వాతి తేదీ కనిపిస్తుంది గనక బీమా నడుస్తూనే ఉందనుకుంటారు. ఓన్ డ్యామేజ్ ఎప్పుడో ముగిసిందని రాళ్లు పడ్డాక తెలుస్తుంది. కొత్త కారు, పాలిష్ కూడా పోలేదు, పైసా రాదు. ఈ ఉత్తరం చదివేవారిలో కారు కొని ఏడాది దాటినవారు ఉంటే ఈరోజే కాగితం తీసి రెండు తేదీలూ విడివిడిగా చూసుకోండి. ఓన్ డ్యామేజ్‌ను విడిగా కొనుక్కునే వీలు 2019 సెప్టెంబరు నుంచి ఉంది.

ఇక తొందర ఎందుకో చెబుతాను. వరద వచ్చిపోతే గోడ మీద నీటి గీత మిగులుతుంది. కార్లు ఢీకొంటే ఎదుటి బండి ఉంటుంది, చూసినవారుంటారు. వడగళ్లు అరగంటలో కరిగి నీళ్లవుతాయి, నీళ్లు ఇంకిపోతాయి. పైగా రాళ్లు పడేది సన్నని మేర మీద. ఒక ఊరంతా తెల్లబడితే పక్క ఊరివారు చినుకే లేదంటారు. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పడిన రాళ్లు మీ పాఠకులకు గుర్తుండే ఉంటాయి. నేలంతా తెల్లగా కప్పుకుపోయిందని, కశ్మీరులా ఉందని వీడియోలు ఊరూరా తిరిగాయి. ఆ వారం నష్టపోయిన రైతులకు ఎకరాకు పది వేల రూపాయలు ఇస్తామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. అంత పేరుమోసిన వానకు సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు. కానీ ఏటా రెండు మూడు ఊళ్ల మీద పడి ఎవరికీ తెలియకుండా పోయే వానలే ఎక్కువ. వారం తర్వాత తీరిగ్గా ఫోన్ చేస్తే అవతలి మనిషి "ఆ రోజు అక్కడ వడగళ్లు పడినట్టు ఆధారం ఏమిటి సార్?" అని అడుగుతాడు. వాన కొలిచే యంత్రాలు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతాయి గానీ రాయి కందిగింజంత ఉందో నిమ్మకాయంత ఉందో చెప్పవు.

మీ పత్రిక పని ఇక్కడే వస్తుంది. మా దగ్గరికి వచ్చే ఒక ఉపాధ్యాయుడి క్లెయిమ్ ఇదే ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఆయన ఊరి పేరు, వాన పడిన వేళ రాసిన పత్రిక ముక్క కత్తిరించి పంపితే కదిలింది. అదే వాన గురించి ఇంకో పత్రిక "జిల్లాలో పలుచోట్ల వడగళ్లు" అని రాసి ఊరుకుంది. ఆ పలుచోట్లలో మా ఊరు ఉందో లేదో ఎవరికి తెలుసు? మీ విలేకరులకు దయచేసి చెప్పండి: ఊరి పేరు, సుమారు వేళ, రాయి ఎంత ఉంది, ఎంతసేపు పడింది. ఫొటోలో రాయి పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టించండి. పొలం నష్టం అడిగే రైతుకు కూడా అది పనికొస్తుంది.

కారు యజమాని చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. వాన ఆగగానే బయటికి వచ్చి, రాళ్లు నేల మీద ఉండగానే, నంబరు ప్లేటు కనిపించేలా కారును చుట్టూ ఫొటోలు తీయాలి. ఇంకా పడుతున్నప్పుడు బయటికి పోకండి, ఫొటో కోసం తల పగలగొట్టుకున్నవారినీ చూశాను. సొట్టలు మధ్యాహ్నపు ఎండలో ఫొటోకు చిక్కవు. పొద్దున ఏటవాలు ఎండలో గానీ, రాత్రి ట్యూబ్‌లైటు కిందగానీ బానెట్ మీద వెలుగు ఎక్కడ వంకర తిరుగుతుందో చూస్తే అక్కడ సొట్ట ఉన్నట్టు. మా షెడ్డులో ట్యూబ్‌లైట్లు బిగించిన స్టాండును కారు మీదుగా జరుపుతూ చూస్తాం. మామూలు వెలుగులో ఇరవై సొట్టలు కనిపించిన రూఫ్ మీద ఆ వెలుగు కింద అరవై బయటపడతాయి. నష్టం అంచనా కట్టడానికి కంపెనీ పంపే సర్వేయరుకు ఇరవై చూపిస్తే ఇరవైకే రాస్తాడు.

అద్దం పగిలితే మాత్రం ఫొటో తీసిన వెంటనే టార్పాలిన్ కప్పండి, లోపలికి నీరు పోనివ్వకండి. ఇది నా సలహా మాత్రమే కాదు, పాలసీ షరతు. నష్టం జరిగాక బండిని జాగ్రత్త చేయకుండా వదిలేసినా, రిపేరు చేయించకుండా నడిపినా, దానివల్ల పెరిగిన నష్టం యజమానిదే అని అందులో స్పష్టంగా ఉంది. మొదటి రోజు పగిలింది అద్దం ఒక్కటే. మూడో రోజుకు సీట్లు, కార్పెట్, కింది వైరింగు తడిసి వాసన కొడతాయి. అద్దానికి కంపెనీ ఇస్తుంది, వాసనకు ఇవ్వదు. ఇంకో విషయం. సొట్ట మీద మరిగిన నీళ్లు పోస్తే అదే లేచి వస్తుందని ఎవరో ఫోన్లో చూపిస్తే చేసి చూసినవారున్నారు. సొట్ట అలాగే ఉంది; వేడి తగిలి పక్కన అద్దానికి చీలిక వచ్చింది.

ఫోన్ చేశాక క్లెయిమ్ నంబరు రాసుకోండి. కంపెనీ మనిషి చూసేదాకా ఒక్క సొట్ట కూడా ముట్టుకోకండి, పగిలిన భాగాలు పారేయకండి. చిన్న నష్టాలకు ఇప్పుడు ఫోన్ వీడియోలో చూసే మంజూరు చేస్తున్నారు. పెద్దవాటికి సర్వేయరు వస్తాడు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం క్లెయిమ్ అందిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి, అతను 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, ఆ తర్వాత 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. కాగితాలు లేవన్న సాకుతో క్లెయిమ్ కొట్టేయకూడదని కూడా అందులోనే ఉంది. కాగితం మీద గడువులు బాగానే ఉన్నాయి. మా వైపు సర్వేయర్లు హైదరాబాద్ నుంచి రావాలి. వడగళ్లు పడిన వారం ఒక్కొక్కరి చేతిలో లెక్కలేనన్ని కార్లుంటాయి. వారిని తిట్టి లాభం లేదు.

ఎంత వస్తుందన్నది జనానికి అసలు అర్థంకాని లెక్క. "ఫుల్ ఇన్సూరెన్స్ కదా, ఫుల్‌గా రావాలి" అని సర్వేయరుతో గొడవ పడతారు. ఒక లెక్క చెబుతాను, అంకెలు ఉదాహరణకే. కారు వయసు నాలుగేళ్లు దాటింది, అయిదు నిండలేదు. ముందు అద్దం 12 వేలు, కొత్త బానెట్ 10 వేలు, హెడ్‌లైటు, అద్దాల కవర్లు వంటి ప్లాస్టిక్ సామాను 8 వేలు, రూఫ్, డిక్కీ, బానెట్ పెయింటింగు 24 వేలు. మొత్తం 54 వేలు. కారు పాతబడిన కొద్దీ సామాను విలువలో తీసేసే కోతను తరుగు అంటారు. గాజుకు తరుగు లేదు, అద్దం డబ్బు పూర్తిగా వస్తుంది. ఆ వయసు కారుకు రేకు భాగాల మీద 35 శాతం తరుగు, అంటే బానెట్‌లో 3,500 పోతుంది. ప్లాస్టిక్‌కు సగం, 4 వేలు పోతుంది. పెయింటింగు బిల్లులో నాలుగో వంతు సామాను కింద లెక్కగట్టి అందులో సగం తీసేస్తారు, అది 3 వేలు. 1,500 సీసీ లోపు ఇంజను గనక తప్పనిసరి కోత ఇంకో వెయ్యి. పోగా చేతికి వచ్చేది 42,500. మిగతా 11,500 మీరు పెట్టుకోవాలి. బంపర్ టు బంపర్ అని మేం పిలిచే జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉంటే ఆ తరుగులు కోయరు, వెయ్యి మాత్రం పోతుంది.

అలాగని ప్రతి సొట్టకూ క్లెయిమ్ వేయమని నేను చెప్పను. ఇది చాలామంది ఏజెంట్లు చెప్పరు. వడగళ్లు మన తప్పు కాదు గనక నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ వేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే రాయితీ, పోదని కొందరు నమ్ముతారు. పోతుంది. విడిగా బోనస్ రక్షణ కొనుక్కుంటే తప్ప, ఓన్ డ్యామేజ్ కింద రూపాయి తీసుకున్నా పోతుంది. 50 శాతం రాయితీ మీద ఉన్నవారు మళ్లీ సున్నా నుంచి 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి చేరాలి. ఆ ఏళ్లలో పోగొట్టుకునేది కూడితే, రాయితీ తీయకముందు ఏడాదికి ఉండే ఓన్ డ్యామేజ్ ప్రీమియానికి సుమారు ఒకటింపావు రెట్లు అవుతుంది. ఆ ప్రీమియం 8 వేలైతే పోయేది 10 వేలు. కాబట్టి బానెట్ మీద అయిదారు సొట్టలకు, ఆరేడు వేల పనికి క్లెయిమ్ వేసేవారిని నేనే వెనక్కి పంపుతాను. అయినా ఫోన్ చేసి నష్టం నమోదు చేయించుకుని, అంచనా వచ్చాక ఆలోచించుకోవచ్చు. డబ్బు తీసుకోకపోతే బోనస్ పోదు.

పని ఎలా చేయించుకోవాలన్నది ఇంకో సంగతి. రేకు వంగి, పెయింట్ చెక్కుచెదరని సొట్టలకు పుట్టీ, స్ప్రే అక్కర్లేదు. లోపలి నుంచి వంపు కడ్డీలతో నెమ్మదిగా నొక్కుతూ రేకును దాని చోటికి తెచ్చే పనివారు హైదరాబాద్‌లో ఉన్నారు. కంపెనీలో వేసిన పెయింటు అలాగే మిగులుతుంది, అమ్మేటప్పుడు ధర తగ్గదు, ఖర్చు కూడా తక్కువ. ఆ పని మా షెడ్డులో లేదు. అలాంటి కార్లను నేను అక్కడికే పంపుతాను, ఇంటికెళ్తే మా ఆవిడ దానికి నన్ను తిడుతుంది. రూఫ్ మొత్తం కోసి కొత్తది అతికిస్తామనే వారి మాట మాత్రం గబుక్కున వినకండి. అతుకు వేసిన చోట తర్వాతి వానాకాలం నీరు దిగిన కార్లు నేను బాగుచేశాను.

మా వృత్తిలో ఉన్న ఒక మురికి కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. నాలుగు సొట్టలున్న కారుకు సుత్తితో ఇంకో నలభై కొట్టి క్లెయిమ్ పెంచుదామనే షెడ్లు ఉన్నాయి. యజమానులే అడగడమూ ఉంది. రాయి పడిన సొట్ట గుండ్రంగా, లోతు లేకుండా ఉంటుంది, పెయింటు పగలదు. సుత్తి దెబ్బకు అడుగు కోసుగా ఉంటుంది, అంచున పెయింటు రేగుతుంది. రాళ్లు పైనుంచి పడతాయి, ఈదురుగాలి ఉంటే గాలి వీచిన పక్క తలుపు మీద కూడా పడతాయి. రెండు పక్కలా సమానంగా పడవు. పదేళ్లు తిరిగిన సర్వేయరు షెడ్డులోకి అడుగు పెట్టకముందే కనిపెడతాడు. ఒకరు పట్టుబడితే ఆ వారం ఆ మండలం నుంచి వెళ్లిన క్లెయిములన్నిటినీ అనుమానంగా చూస్తారు. నిజంగా నష్టపోయిన టీచరు, ఆశా కార్యకర్త, కిరాణా కొట్టు ఆయన ఫోన్లు పట్టుకుని తిరుగుతారు.

తిరగాల్సి వస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియకనే చాలామంది వదిలేస్తారు. ఫోన్ ఆలస్యంగా చేశారన్న ఒక్క కారణంతో న్యాయమైన క్లెయిమును తోసిపుచ్చొద్దని నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు రాసింది. 2017లో సుప్రీంకోర్టు కూడా ఒక వాహనం కేసులో ఆ మాటే చెప్పింది. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. రెండు వారాల్లో జవాబు రాకపోతే నియంత్రణ సంస్థ ఫిర్యాదుల విభాగమైన బీమా భరోసాకు చెప్పుకోవచ్చు, ఫోను 155255. నెల దాటినా తేలకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇలాంటి తగాదాలు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం కూడా హైదరాబాద్‌లోనే. ఇన్ని మన ఊళ్లకు రెండు గంటల దూరంలో పెట్టుకుని, కారు పగిలితే ఏజెంటు ఫోన్ ఎత్తలేదని ఊరుకోవడం నాకు మింగుడు పడదు.

కంపెనీలకు కూడా ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ప్రభుత్వం బీమా సంస్థలను పిలిచి కూర్చోబెట్టింది, మునిగిన వాహనాల క్లెయిముల కోసం ప్రత్యేక కేంద్రం పెట్టించింది. అక్కడ నష్టం పెద్దది, పట్నం పెద్దది, కెమెరాలు వచ్చాయి. మర్పల్లి, కోహీర్, జహీరాబాద్ వంటి చోట వడగళ్లు పడితే అలాంటిది ఒక్క పూటైనా చేయకూడదా? వంద మంది యజమానులు వేర్వేరు కంపెనీలకు ఫోన్లు చేసి, వేర్వేరు సర్వేయర్ల కోసం ఎదురుచూసే బదులు, కంపెనీలన్నీ కలిసి ఇద్దరు ముగ్గురిని ఒక రోజు మండల కేంద్రానికి పంపితే చూడాల్సిన కార్లన్నీ అక్కడికే వస్తాయి. సర్వేయర్లకు తిరుగుడు తగ్గుతుంది, సుత్తి పని చేసే షెడ్లకు అంత వ్యవధి దొరకదు. జూనియర్ కాలేజీ మైదానం సరిపోతుంది. ట్యూబ్‌లైట్ల స్టాండు నేను తెస్తాను, కిరాయి అక్కర్లేదు.

ఇట్లు,
ఒక టింకరింగ్ షెడ్డు యజమాని,
సదాశివపేట, సంగారెడ్డి జిల్లా